న్యూయార్క్ ఓటు వేయలేదు

పోయిన నెల ఒక మంగళవారం మధ్యాహ్నం, నేను ఆఫీస్ మీటింగ్‌లో ఉండగా, ఏళ్ల తరబడి చడీచప్పుడూ లేని ఒక వాట్సాప్ గ్రూప్ నుంచి మెసేజ్ వచ్చింది. గ్రూప్ పేరు ఇర్వింగ్ అసెంబ్లీ. ‘అన్న పోయిండు. పొద్దున హార్ట్ ఎటాక్’ అని రెండు ముక్కలు. దాని కింద దండాల బొమ్మలు ఒకదాని వెనక ఒకటి వచ్చి పడ్డాయి. నేనూ ఒక దండం నొక్కి, పంపకుండా చెరిపేశాను. మళ్లీ నొక్కి మళ్లీ చెరిపేశాను. మీటింగ్‌లో ఎవరో సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఎప్పుడని నన్ను అడుగుతున్నారు. మ్యూట్ తీయకుండానే ఏదో జవాబు చెప్పాను.

ఆ గ్రూప్‌కి ఆ పేరు పెట్టింది ఆయనే. ఆయన పేరు మాత్రం ఇక్కడ రాయను. మాకు ఆయన ‘అన్న’, అంతే. అయినా ఆయనకే తన పేరు ముందుండటం ఇష్టం లేదు. మా అందరి తరఫునా కంపెనీకి పంపే ఉత్తరం మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా తానే రాసేవాడు, సంతకం మాత్రం అందరిదీ అయ్యాక, కింద మూలలో, చీమంత పెట్టేవాడు. ఎందుకన్నా అంటే, “పేరు పైన వెడితే మీరంత నా వెనక నిలవడ్డట్టు కనవడ్తది. నిలవడ్డది మీరు, రాసింది నేను” అనేవాడు.

మేం పదకొండుమందిమి, ఒకే కన్సల్టింగ్ కంపెనీ ద్వారా హెచ్‌వన్ వీసా మీద టెక్సాస్‌లోని ఇర్వింగ్‌కి వచ్చినవాళ్లం. అక్కడే లాస్ కొలీనస్ ఏరియాలో ఒకే క్లయింట్, ఒకే ఫ్లోర్. మా కాపురాలు కూడా ఒకే అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్‌లో. మాలో చాలామంది ముప్పై దాటనివాళ్లం. అన్నకి నలభై దాటాయి. సూర్యాపేట దగ్గర కొన్నాళ్లు స్కూల్లో సోషల్ చెప్పి, తర్వాత కంప్యూటర్లు నేర్చుకుని, అందరికంటే ఆలస్యంగా బయల్దేరి వచ్చాడు. వదిన, ఒక్క కూతురు. ఆ పిల్ల తొమ్మిదేళ్లప్పుడు బెంగళూరులో విమానం ఎక్కింది.

అన్న పక్కన కూర్చుని కారులో వెళ్లడానికి ఓపిక ఉండాలి. ఇర్వింగ్‌లో హైవే ఎక్కనిదే కొత్తిమీర కట్ట కూడా దొరకదు. ఆయన కుడివైపు లేన్‌లోనే, యాభై ఐదు దాటకుండా వెళ్లేవాడు. ఎగ్జిట్ ఇంకా మైలు దూరం ఉందనగానే ఇండికేటర్ వేసేవాడు. వెనకవాళ్లు హారన్ కొట్టేవాళ్లు, టెక్సాస్‌లో ఎవరూ కొట్టని హారన్. నేను తల దించుకుని ఫోన్ చూసుకునేవాణ్ణి.

“అన్నా, ఇప్పుడే ఎందుకు వేయడం?”

“మనం ఎటు వోతున్నమో ముందుగాల్ల చెప్పాలె తమ్మీ. చెప్పినంక గూడ గుద్దితే అప్పుడు తప్పు వానిది.”

ఆయనకి చరిత్ర పిచ్చి పట్టింది కూతురి పుస్తకం నుంచి. పిల్ల ఎయిత్ గ్రేడ్‌లో ఉంది. టెక్సాస్ బడుల్లో ఆ ఏడాది అమెరికా పుట్టుక గురించి చెబుతారు. హోంవర్క్‌లో సాయం చేద్దామని ఆ లావుపాటి పుస్తకం తెరిచాడు. పిల్ల ప్రాజెక్ట్ పూర్తయి, మార్కులు వచ్చి, ఇంకో పాఠంలోకి వెళ్లిపోయింది. ఈయన మాత్రం అక్కడే ఉండిపోయాడు. లైబ్రరీ నుంచి ఇంకా లావు పుస్తకాలు తెచ్చుకున్నాడు. యుద్ధం భాగం వచ్చేసరికి పుస్తకం మూసేసేవాడు.

“కొట్లాట అందరికి తెల్సు. కొట్లాటకి ముందు పదేండ్లు వీళ్లు ఏం జేసిన్రో తెల్సా? ఉత్తరాలు రాసిన్రు” అనేవాడు. పదమూడు కాలనీలు, ఒక్కో కాలనీకి ఒక్కో శాసనసభ, ఒక్కో సభ నుంచి రాజుగారికి విన్నపం. తమ పాదసేవకులం, తమ బిడ్డలం, మీ పార్లమెంటు మమ్మల్ని అడక్కుండా పన్నులు వేస్తోంది, దయచూడండి. రాజును ఒక్క మాట అనేవాళ్లు కారట. రాజు బంగారం, చుట్టూ ఉన్న మంత్రులే చెడ్డవాళ్లు అనేవాళ్లట. ఆ మాట చెప్పేటప్పుడు అన్న కళ్లజోడు తీసి, లుంగీ అంచుతో తుడిచి, మా వంక చూసి నవ్వేవాడు. ఎందుకు నవ్వుతున్నాడో మాకు తెలిసేది.

మా రాజుగారు మా కంపెనీ ఓనర్. మనవాడే, మా జిల్లావాడే. దీపావళికి పట్టు కుర్తా వేసుకుని వచ్చి, బిర్యానీ తనే వడ్డించేవాడు. భుజం మీద చెయ్యి వేసి ‘ఏరా, అమ్మ బాగున్నారా’ అని అడిగేవాడు. ఉద్యోగంలో చేరేటప్పుడు ప్రతి ఒక్కరికీ ఒకటే మాట ఇచ్చాడు: ఏడాది తిరగగానే గ్రీన్‌కార్డ్ ఫైల్ చేస్తాను. రెండేళ్లు దాటింది. అడిగితే లాయర్ ఆఫీస్‌లో లేటనేవాడు. మేమూ లాయర్‌నే తిట్టుకునేవాళ్లం, హెచ్‌ఆర్ అమ్మాయినే తిట్టుకునేవాళ్లం. ఓనర్‌గారు మంచివాడు, ఆయన దాకా సంగతి వెళ్లడం లేదంతే.

మిగతావాళ్లకి అది వట్టి ఆలస్యం. అన్నకి కాదు. ఫైల్ చేసిన రోజు నుంచే లైన్‌లో మన చోటు లెక్క. మన దేశంవాళ్ల లైన్ ఎంత పొడుగో ఇంట్లో ఒక హెచ్‌వన్ ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. తండ్రి వంతు వచ్చేనాటికి పిల్లకి ఇరవై ఒకటి నిండితే, ఆ పిల్ల తండ్రి ఫైల్‌లో నుంచి జారిపోతుంది. అన్న వంటగదిలో, ఫ్రిజ్ మీద, కూతురి స్కూల్ ఫోటో పక్కన ఒక కాగితం అంటించి ఉండేది. దాని మీద ఆమె ఇరవై ఒకటో పుట్టినరోజు తేదీ ఒక్కటే రాసి ఉంది. వచ్చినవాళ్లు చూసి, ఏమీ అడక్కుండా నీళ్లు తాగి వచ్చేసేవాళ్లు.

శనివారం పొద్దున కంపెనీ గెస్ట్‌హౌస్‌లో ఇడ్లీల దగ్గర కలిసేవాళ్లం. అక్కడే అన్న మాకు కాలనీలు పంచాడు. అదీ కూతురి స్కూల్ ప్రాజెక్టే. పిల్లలంతా ఒక్కొక్క కాలనీ తీసుకుని సభ జరిపారట, మేమూ జరపాలన్నాడు. ఉన్నది పదకొండుమందిమి కాబట్టి మిగిలిన రెండూ, తనదీ కలిపి మూడు కాలనీలు ఆయనే ఉంచుకున్నాడు. నేను అమెరికాలో మొదట దిగింది న్యూయార్క్ ఎయిర్‌పోర్ట్‌లో కనుక నాకు న్యూయార్క్ ఇచ్చాడు. ఆ రోజు నుంచి మమ్మల్ని ఆ పేర్లతోనే పిలిచేవాడు. “మసాచుసెట్స్, నీకింకో ఇడ్లీ ఎయ్యమంటవా? జార్జియా ఏమంటది?” అని అడిగి, జార్జియా తనే కాబట్టి తన ప్లేట్‌లో వేసుకునేవాడు. నవ్వి నవ్వి పొలమారేది.

మొదటి ఉత్తరం అలాంటి నవ్వుల్లోనే తయారైంది. రాయడానికి కూర్చునే ముందు అన్న లుంగీ మార్చి ప్యాంటు వేసుకుని, చొక్కా టక్ చేసుకుని వచ్చాడు. ఇంట్లో ఎవరు చూస్తారన్నా అంటే, “అడిగేటోడు సక్కగ ఉండాలె” అన్నాడు. ఇంగ్లిష్‌లో రాసి, నిలబడి గట్టిగా చదివాడు. కూతురు సోఫాలో కాళ్లు ముడుచుకుని కూర్చుని తప్పులు దిద్దింది. తమ చల్లని నీడలో పనిచేస్తున్న మేము, తమ మాట మీద నమ్మకంతో, అని మొదలయ్యే ఉత్తరం అది. సంతకాలు పెట్టించి కవర్‌లో పెట్టి, తనే పట్టుకెళ్లి ఇచ్చి వచ్చాడు.

వారంలో ఓనర్ వచ్చాడు. ఈ నెలలోనే అందరివీ మొదలుపెడతాను అన్నాడు. మా సంబరం ఇంతా అంతా కాదు. మనవాళ్ల సంబరం ఎక్కడ తేలుతుందో తెలిసిందే, శాలువా దగ్గర. దగ్గర్లోని ఫ్రిస్కోలో ఉన్న ఒకావిడ దగ్గర జరీ శాలువా కొని, దీపావళి పార్టీలో స్టేజ్ మీద ఓనర్‌కి కప్పాం. కప్పినవాళ్లలో నేనున్నాను, ఫోటో ఇప్పటికీ ఎక్కడో ఉంది. అన్న మాత్రం వెనక వరసలో కూర్చుని చప్పట్లు కొట్టాడు. ఇంటికి వస్తూ కారులో చెప్పాడు, ఒక పన్ను రద్దయిన సంతోషంలో న్యూయార్క్‌వాళ్లు రాజుగారికి గుర్రం మీద కూర్చున్న విగ్రహం పెట్టించారని, దానికి బంగారు పూత కూడా పూయించారని.

“తర్వాత?”

“తర్వాత ఆరేండ్లకి వాళ్లే దాన్ని పడగొట్టిన్రు. కరగవోసి తూటాలు చేసిన్రట. నీ శాలువ కరగదు గద తమ్మీ.”

నెల గడిచింది. మూడు నెలలు గడిచాయి. రెండో ఉత్తరంలో చల్లని నీడ పోయింది, మాట మీద నమ్మకం మిగిలింది. దానికి జవాబు హెచ్‌ఆర్ నుంచి వచ్చింది. ఉద్యోగులు గుంపుగా ఉత్తరాలు రాయడం కంపెనీ సంస్కృతి కాదు, ఎవరి విషయం వాళ్లు విడిగా మాట్లాడుకోవచ్చు, గెస్ట్‌హౌస్ ఇకమీదట కొత్తగా వచ్చేవాళ్లకే అని రాశారు. శనివారం వెళ్లేసరికి తలుపు కోడ్ మార్చేసి ఉంది. ఇడ్లీ గిన్నెలు పట్టుకుని మెట్ల మీద నిలబడ్డాం. అన్న ముఖంలో నేనెప్పుడూ చూడని ఉత్సాహం.

“వర్జీనియా గవర్నర్ గిట్లనే వాళ్ల సభను బందు వెట్టిండు. వాళ్లేం జేసిన్రు? ఎదురుంగ ఉన్న సారా హోటల్‌ల కూసోని సభ నడిపిన్రు. నడువుండ్రి, స్విమ్మింగ్ పూల్ కాడికి.”

అంతటితో ఇడ్లీలూ సభా స్విమ్మింగ్ పూల్ పక్కనున్న సిమెంటు బల్ల దగ్గరికి మారాయి. ఆ రోజు నుంచి ఆయన మాటల్లో ఓనర్‌గారు మంచోడే అన్న ముక్క వినపడలేదు. చెడ్డవాడనీ అనలేదు. ఆ ప్రస్తావనే వదిలేశాడు. ఆయన ఎప్పుడు మారాడో నాకు తెలియలేదు. నాకైతే ఆ మార్పు చూస్తే భయం వేసింది. ఇంట్లో నాన్నకి ఫోన్ చేసి చెబితే, గుంపులో గోవిందా అనొద్దురా, నీ వీసా నువ్వు చూసుకో అన్నాడు.

ఆ తర్వాత నెలలో అన్న ఒక వార్త తెచ్చాడు. అదే క్లయింట్‌కి మనుషుల్ని ఇచ్చే ఇంకో కంపెనీ ఉంది. మేం పదకొండుమందిమీ ఒకేసారి వస్తే తీసుకుంటామన్నారు. మూడు నెలల్లో అందరివీ ఫైల్ చేస్తామని కాగితం మీద రాసిచ్చారు. టీమ్ మొత్తం కదిలితేనే క్లయింట్ ఒప్పుకుంటాడు, విడివిడిగా అయితే కుదరదు. వచ్చే శనివారం ఓటు అన్నాడు. ఒక్కరు కాదన్నా ఈ అవకాశం లేదు. ఫ్రిజ్ మీది తేదీకి ఆయన వేసిన లెక్క ప్రకారం, ఈ ఏడాది ఫైల్ అయితే పిల్ల దక్కుతుంది.

ఆ గురువారం మధ్యాహ్నం ఓనర్ నాకు ఫోన్ చేశాడు. ఆఫీస్ పార్కింగ్‌లో ఉన్నా, కిందికి రా అన్నాడు. కారులో ఏసీ వేసి, వాళ్ల అమ్మగారు చేసిన అరిసెలు చేతిలో పెట్టాడు.

“నువ్వు మా పక్క ఊరివాడివిరా. నీకు అబద్ధం చెబుతానా? నీ ఫైల్ నా టేబుల్ మీద అన్నిటికన్నా పైన ఉంది. నీదే ఫస్ట్. మిగతావాళ్లకి చెప్పకు, ఫీలవుతారు.”

నేను అరిసె తిన్నాను. పెదవి దాటితే పృథివి దాటుతుందని, ఎవరికీ చెప్పలేదు. నాదే ఫస్ట్ అని సంతోషించాను కూడా. ఆ సంతోషాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

శనివారం అందరం బల్ల దగ్గర చేరాం. అన్న టక్ చేసుకుని వచ్చాడు. కూతురు నోట్‌బుక్, పెన్సిల్ పట్టుకుని బల్ల చివర కూర్చుంది, పేర్లు పిలిచే పని ఆమెది. మొదలుపెట్టే ముందు అన్న నిలబడి గొంతు సవరించుకున్నాడు.

“ఓటుకి ముందు ఒక సంగతి చెప్పాలె. బుధవారం నాడు ఓనర్ సార్ నన్ను పిలిచిండు. నీ ఫైలే ముందుగాల ఉన్నది, ఎవరికి చెప్పకు అన్నడు. నేను మీకు చెప్తున్న. ఆ రోజుల్ల రాజుగారి మనుషులు గూడ గిట్లనే జేసిన్రు. కాలనీలు ఒక్కటయితున్నయని తెల్సి, ఏ కాలనీకి ఆ కాలనీకి విడిగ బేరం పంపిన్రు. మీ ఒక్కరికి పన్ను తీసేస్తం అని. ఆ సభలు ఏమన్నయి? విడిగ జవాబియ్యం, మా అందర్నీ కలిపి అడుగుండ్రి అన్నయి. మీల ఎవరికన్న గిసొంటి మాట అచ్చిందా?”

పూల్‌లో ఎవరో పిల్లలు ఈదుతున్నారు, వాళ్ల అరుపులు తప్ప ఏమీ వినపడలేదు. నేను సాంబారు గిన్నెలోకి చూస్తున్నాను. చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఎప్పుడూ రాదని తెలుసు. పక్కవాడు చెబితే నేనూ చెప్పేవాణ్ణి. పక్కవాడు కూడా సాంబారు గిన్నెలోకే చూస్తున్నాడు. అన్న అందరి ముఖాలూ ఒకసారి చూసి, సరే అని కూతురికి తల ఊపాడు.

పిల్ల పైనుంచి కిందికి పిలిచింది. న్యూ హాంప్‌షైర్, యెస్. మసాచుసెట్స్, యెస్. రోడ్ ఐలండ్ అన్నదే, యెస్ అన్నాడు. కనెక్టికట్, యెస్.

“న్యూయార్క్?”

“నేను... ఇంట్లో ఇంకా అడగలేదన్నా. నాన్నని అడగాలి. కాదనడం లేదు. ఇప్పుడు యెస్ అనలేను, అంతే.”

గోడ మీది పిల్లి అంటే ఏమిటో ఆ రోజు నన్ను చూసినవాళ్లకి తెలుస్తుంది. పిల్ల పెన్సిల్ ఎత్తి, ముఖం వెలిగిపోతుండగా తండ్రి వైపు తిరిగింది.

“నాన్నా, రియల్‌గా కూడా న్యూయార్క్ అంతే చేసింది. ఇండిపెండెన్స్ ఓట్ అప్పుడు వాళ్లు ఎస్ చెప్పలే, నో చెప్పలే. ఇంటినుంచి ఇన్‌స్ట్రక్షన్స్ రాలేదు అని చెప్పారు. అంకుల్ కరెక్ట్‌గా చేశారు.”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. పదమూడేళ్ల పిల్ల నోట్‌బుక్‌లో నా కాలనీ ఎదురుగా ఒక సున్నా చుట్టింది. నా తర్వాత పిలిచినవాళ్లలో ఇద్దరు, న్యూయార్క్ తేల్చుకున్నాక చెబుతామన్నారు. సోమవారానికల్లా ఎవరికి వారే యమునా తీరే అయింది. కొత్త కంపెనీ, మొత్తం టీమ్ కాకపోతే వద్దంది.

మా ఓనర్ ఆ ఏడాది ఎవరిదీ ఫైల్ చేయలేదు. నాదీ చేయలేదు. హెచ్‌వన్ గడువు దగ్గరపడి, ఇక ఫైల్ చేయకపోతే మిగిలినవాళ్ల మీద క్లయింట్ ఇచ్చే డబ్బు పోతుందని తెలిసినప్పుడు, పద్నాలుగు నెలల తర్వాత, అన్న ఫైల్ ఇంకొన్నిటితో కలిపి చేశాడు. నేను అప్పటికే వేరే ఉద్యోగం చూసుకుని జార్జియాలోని అట్లాంటా వచ్చేశాను. నాకు పెళ్లయింది. నా భార్య కువైట్‌లో పుట్టింది, వాళ్ల నాన్న అక్కడ పనిచేసిన రోజుల్లో. భార్య పుట్టిన దేశం లైన్‌లో భర్త నిలబడొచ్చన్న రూలొకటి ఉంది. కువైట్ లైన్‌లో జనం లేరు. రెండేళ్లలో గ్రీన్‌కార్డ్, ఇంకో ఐదేళ్లకి సిటిజన్‌షిప్. నేను చేసిన పుణ్యమేమీ లేదు, మా మామగారు కువైట్‌లో ఉద్యోగం చేశారంతే.

నాలుగేళ్ల క్రితం పని మీద ఇర్వింగ్ వెళ్లినప్పుడు అన్నకి ఫోన్ చేశాను. ఇండియన్ గ్రోసరీ పక్కన ఉన్న టిఫిన్ సెంటర్‌లో కలుద్దామన్నాడు. జుట్టు పూర్తిగా తెల్లబడింది. నన్ను చూడగానే, “ఏం న్యూయార్క్, మంచిగున్నవా?” అన్నాడు. దోసెలు చెప్పాడు. పాప ఎలా ఉందన్నాను.

“కెనడాల ఉన్నది” అన్నాడు. దోసె తుంచి, తినకుండా ప్లేట్ అంచున పెట్టాడు. “మనం ఓటేసిన ఏడాది ఫైలయినోళ్ల డేట్లు, పిల్లకి ఇరవై ఒకటి నిండకముందు రెండు నెలలకి అచ్చినయి. మనది పద్నాలుగు నెలలు వెనక, ఇంక రాలే. ఇక్కడే బడి చదివింది, ఇక్కడే ఇంజనీరింగ్. ఇరవై ఒకటి నిండంగనె ఫారిన్ స్టూడెంట్ అన్నరు. మూడుసార్లు హెచ్‌వన్ లాటరీల ఏసినం, తగల్లే. ఇగ వెళ్లిపోయింది. నేను పోయి సూసొద్దమంటె నన్ను తిరిగి లోపటికి రానిస్తరో లేదో అని భయం.”

సారీ అన్నా అన్నాను. ఆయన కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు.

“సార్ ఆనాడు అయిదుగురికి చెప్పిండంట, నీదే ఫస్ట్ అని. తర్వాత ఒక్కొక్కడు అచ్చి చెప్పిండు. ఇంటికచ్చి ఏడ్చినోళ్లు గూడ ఉన్నరు.”

“ఐదుగురికా?”

“నాతోటి ఆరు.” ఆయన నా వంక చూడలేదు. ప్లేట్ వంకే చూశాడు. “మా బిడ్డ ఆనాడు ఒక ముక్క చెప్పలే. న్యూయార్క్ ఓటెయ్యకపోయినంక, వారం రోజులల్లనే వాళ్ల సభ కూసున్నది. మేము గూడ ఒప్పుకుంటున్నం అని కబురు పంపిచ్చింది. ఆలస్యమయింది గని, పంపిచ్చింది.” ఇప్పుడు తలెత్తి నన్ను చూసి నవ్వాడు, పాతరోజుల్లోలాగే. “నువ్వింక పంపలే తమ్మీ.”

ఆయనకి తెలుసని నాకర్థమైంది. చెప్పు, వింటాను అని అడుగుతున్నాడనీ అర్థమైంది. అరిసెల నుంచి మొదలుపెట్టి అంతా చెప్పేయాలనిపించింది. కానీ ఏం సాధిస్తాను చెప్పి? తేదీలు వెనక్కి రావు కదా అని నాకు నేనే వకాల్తా పుచ్చుకున్నాను. ఫ్లైట్‌కి టైమవుతోందన్నా అన్నాను. అబద్ధం, నా ఫ్లైట్ సాయంత్రం. ఆయన లేచి, దోసె సగం వదిలేసి, నన్ను కారు దాకా సాగనంపాడు. అదే ఆయన్ని చివరిసారి చూడటం.

ఆయన పోయిన కబురు వచ్చిన రోజే, మీటింగ్ అయిన గంటకి, కెనడా నంబర్ నుంచి ఫోన్ వచ్చింది. గొంతు మారింది, మాట తీరు మారలేదు.

“అంకుల్, నేను. నాన్న...” అని ఆగిపోయింది. కాసేపు ఏడ్చింది. తర్వాత గబగబా, పని మాటల్లో పడింది. “నా పాస్‌పోర్ట్ ఇండియాది కదా, నాకు విజిటర్ వీసా కావాలి. ఎమర్జెన్సీ అపాయింట్‌మెంట్ అడుగుతున్నాను. ఫ్యామిలీ తెలిసిన సిటిజన్స్ లెటర్ ఇస్తే హెల్ప్ అవుతుందని లాయర్ చెప్పారు. మీరు ఇవ్వగలరా? లేకపోతే ఓకే.”

“ఇప్పుడే ఇస్తానమ్మా.”

తలుపు వేసుకుని కూర్చున్నాను. నాకు తెలియకుండానే చొక్కా టక్ చేసుకున్నాను. ఈ అమ్మాయి తొమ్మిదేళ్లప్పటి నుంచి ఈ దేశంలో పెరిగింది, తండ్రి అంత్యక్రియలకి రావాలనుకుంటోంది, ఈ కుటుంబాన్ని నేనెరుగుదును అని రాశాను. విశేషణాలన్నీ కొట్టేశాను. నేను అమెరికా పౌరుణ్ణని రాయాల్సిన చోట చెయ్యి ఒక్క క్షణం ఆగింది. సంతకం పెట్టి, స్కాన్ చేసి, అరగంటలో పంపాను. అపాయింట్‌మెంట్ ఇవ్వలేదు. ఖాళీ లేదన్నారు, మళ్లీ అడిగితే జవాబే రాలేదు.

నాలుగో రోజున ఇర్వింగ్‌లో అంత్యక్రియలు. అట్లాంటా నుంచి పొద్దున్నే వెళ్లాను. వదిన నన్ను చూసి, మీరొక్కరే దూరం నుంచి వచ్చారు అంది. ఫోన్ ఎవరు పట్టుకుంటారని అడిగారు, పాపకి చూపించడానికి. నేను పట్టుకుంటానన్నాను. గంటన్నర నిలబడ్డాను. తెరలో ఆ అమ్మాయి ముఖం చిన్నగా, ఒక కిటికీ ముందు కనిపిస్తోంది. పంతులుగారు చెప్పినప్పుడల్లా అక్కడే, ఆ గదిలోనే, చేతులు జోడించింది. ఎడమవైపు తిప్పండి అంకుల్, నాన్న ఫేస్ కనపడట్లేదు అని ఒకసారి అంది. తిప్పాను. ఫోన్‌ని రెండు చేతులతో పట్టుకున్నాను.

అంతా అయ్యాక, జనం కార్ల దగ్గరికి వెళ్తుంటే, నేను ఫోన్ పట్టుకుని పక్కకి వచ్చాను. ఈసారి చెప్పేయాలని నిశ్చయించుకున్నాను. ఆయనకి చెప్పలేనిది ఈ పిల్లకైనా చెప్పాలి, అది తిట్టినా సరే, ఫోన్ పెట్టేసినా సరే. “అమ్మా, నీకో విషయం చెప్పాలి” అన్నాను.

“నేను ముందు చెప్తాను అంకుల్, లేకపోతే మర్చిపోతాను” అంది ఆ అమ్మాయి, ముక్కు తుడుచుకుంటూ. “లెటర్‌కి నేను నలుగురు అంకుల్స్‌ని అడిగాను. అందరికన్నా ఫస్ట్ మీదే వచ్చింది.”